బొటనవేలి కింద ఒక అక్షరం

క్లాక్స్‌విక్ రేవులో
ఆ చలికాలం నాది చేపల పెట్టెలకి చీటీలంటించే పని.
బరువులు ఎక్కించేది రాన్‌వా.
ఆమె బల్ల మీద రెండు ముక్కల కీబోర్డు.
విరిగింది కాదు, అలాగే పుట్టింది.
ఎడమ చేతికో సగం, కుడి చేతికో సగం,
మధ్యలో కాఫీ కప్పు, తడిసిన చేతిగుడ్డ.

కుడిచేతి చిటికెనవేలు వంగదు ఆమెకి.
పదహారేళ్లప్పుడు ఫ్యాక్టరీలో కత్తి జారింది.
సరిగ్గా ఆ వేలికే వాళ్ల భాష
నాలుగు అక్షరాల్ని అప్పగించింది.
కీబోర్డు కుడి అంచున నిలబెట్టింది,
అల్లరి చేసి గోడవారకి పోయిన పిల్లల్లా.

వాటిలో ఒకటుంది,
నెత్తిన అడ్డగీత పెట్టుకున్న డి.
రాస్తారు, పలకరు.
ఏ మాటకీ ముందు నిలబడదు.
వాతావరణం అనే మాటలో ఉంది, తండ్రి అనే మాటలో ఉంది,
ఉత్తరం అనే దిక్కులో ఉంది.
ఈ మూడూ రాకుండా
ఆ దీవుల్లో ఏ ఉత్తరమూ ముగియదు.

మాకూ ఒకటుండేది, అరసున్న అని, చెప్పాను.
ఏమైంది? అంది.
మానేశాం అన్నాను,
సిగరెట్లు మానేసినవాడిలా కాస్త గొప్పగా.
ఆమె ఏమీ అనలేదు.

ఆదివారం రాత్రి వాన అడ్డంగా కొడుతుంటే
సాఫ్ట్‌వేర్ తెరిచిందట.
తెర మీద కీబోర్డు బొమ్మ,
పంక్తిలో వేసిన విస్తళ్లలా ఖాళీ గళ్లు.
ఎవరిని ఎక్కడ కూర్చోబెడతావో నీ ఇష్టం.
తట్టి వదిలితే ఒకటి, నొక్కి పట్టుకుంటే ఇంకొకటి,
ఒక పొర కింద మరో పొర.
ముందు క్యాప్స్‌లాక్‌ని లేపేసింది,
దాని మీద ఎవరికీ జాలి లేదు.
కొనేవాళ్ల పేర్లు మూడో పొరలోకి,
కిలోలకో మీట, టన్నులకో మీట పక్కపక్కనే.
ఆ మూగ అక్షరాన్ని మాత్రం
ఎడమ బొటనవేలి కిందకి తెచ్చింది,
అన్నాళ్లూ పనీపాటా లేకుండా పడుకున్న వేలు అది.
సేవ్ నొక్కింది.
కీబోర్డు దీపం ఒక్కసారి రెప్పవేసింది.

సోమవారం పాస్‌వర్డ్ పడలేదు.
మూడుసార్లు కొట్టింది. నాలుగోసారికి కంప్యూటరు తలుపేసుకుంది.
ఏం కొడుతున్నావసలు? అన్నాడు ఎయున్,
మిషన్లు బాగుచేసే కుర్రాడు,
వాడి పేరులోనూ ఆ అక్షరం నక్కి ఉంది.
నాకేం తెలుసు,
పదకొండేళ్లుగా వేళ్లే కొడుతున్నాయి అంది.

అటక మీంచి పాత కీబోర్డు దింపించింది.
ఖాళీ పేజీ తెరిచి,
కళ్లు కిటికీ వైపు తిప్పుకుని కొట్టింది.
అప్పుడు చదివింది.

నోర్‌లుయ్సి.
వాళ్లన్న పడవ పేరు.
ఆ ఒక్క మాటలో రెండుచోట్ల అదే అక్షరం.
ఐస్‌లాండ్ వాళ్లకి అమ్మేసి తొమ్మిదేళ్లు,
ఇప్పుడు దాని పేరు ఇంకేదో.
ఎయున్ ఏదో అడగబోయి
ప్రింటర్లో కాగితాలున్నాయో లేదో చూశాడు.

ఆ వారమంతా తప్పులే.
హానుస్‌కి నలభై కిలోల కాడ్ బదులు
నలభై టన్నులకి బిల్లు వెళ్లింది.
సముద్రం మొత్తం నాకే అమ్మేశావా తల్లీ, అని ఫోను.
నవ్వి, దిద్ది,
కిలోకీ టన్నుకీ మధ్య
ఒక మీటని ఉత్తినే ఖాళీగా వదిలేసింది.

పాస్‌వర్డ్ మార్చెయ్యమన్నాడు ఎయున్.
మార్చలేదు.
పాత పేరే
కొత్త దారిలో నడవడం వేళ్లకి నేర్పింది.

నవంబరులో ఒక సాయంత్రం బస్సులో,
సముద్రం కింది సొరంగం దాటాక,
రేపెలా ఉంటుందమ్మా? అని పక్కసీటు ముసలావిడ అడిగింది.
వాతావరణం మారుతుంది అంది రాన్‌వా, వాళ్ల భాషలో.
ఆ అక్షరం దగ్గర
నోరు ఎప్పటిలాగే ఆగకుండా దాటిపోయింది.
ఒళ్లో, ఉన్ని తొడుగు లోపల,
ఎడమ బొటనవేలు
ఒక్కసారి కిందికి నొక్కింది.